ప్రాత స్నేహము - క్రొత్త స్నేహము

దసరా సెలవులు ముగిసి పాఠశాల తెరచిన దినమున ఆరవ తరగతి బాలుడొకడు నాయొద్దకు వచ్చి, "అయ్యా, వసతిగృహములో నాకు క్రొత్త స్నేహితులు దొరికిరి. సెలవులలో ఊరికి పోయినప్పుడు ప్రాతవారితో మాటలాడుటకు నాకేమియు తోచలేదు. ఇది నా తప్పా?" అని యడిగెను. అప్పుడు నేను రెండు మంచిమాటలు చెప్పి వానిని పంపివేసితిని గాని, ఆ ప్రశ్న నన్ను విడువలేదు. అది బాలురకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. కళాశాలకు పోయినప్పుడును, ఉద్యోగమునకై పరస్థలమునకు పోయినప్పుడును, వివాహమై వేరొక యూరికి పోయినప్పుడును ఇదియే చిక్కు మనుష్యునికి మరల మరల కలుగుచుండును. కావున ఈ సంచికయందు దానిని కొంత విపులముగా విచారింతము.

మొదట స్నేహమెట్లు కుదురునో తెలిసికొనవలెను. అమెరికా దేశమందలి కాన్సస్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జెఫ్రీ హాల్ 2018వ సంవత్సరమున దీనినిగూర్చి యొక పరిశోధనను ప్రకటించెను. క్రొత్త యూరికి కాపురము మార్చినవారిని, విశ్వవిద్యాలయమున క్రొత్తగా చేరినవారిని ప్రశ్నించి ఆయన లెక్క కట్టెను. కేవలము ముఖపరిచయము సామాన్య స్నేహమగుటకు సుమారు 50 గంటలును, అది గట్టి స్నేహమగుటకు సుమారు 90 గంటలును, ప్రాణస్నేహమగుటకు 200 గంటలకు పైగాను ఇద్దరు కలిసి గడపవలసి యుండునని తేలెను. ఒకచోట పని చేయుచు గడపిన గంటలకంటె విరామకాలమున ఆటలతోను మాటలతోను గడపిన గంటలే స్నేహమును పెంచునని కూడ ఆయన కనుగొనెను.

ఈ లెక్కను మన పాఠశాలకు అన్వయించి చూడుడి. వసతిగృహమునందు ఇద్దరు బాలురు దినమునకు రెండు గంటలు కలిసి ఆడుకొనినయెడల, నూరు దినములలో 200 గంటలగును. అనగా ఒక విద్యాసంవత్సరము పూర్తికాక మునుపే వారు ప్రాణమిత్రులు కావచ్చును. సంసారభారము గల పెద్దవాడు ఆదివారమున ఆరాధన ముగిసిన తరువాత క్రొత్తవానితో గంటసేపు మాటలాడునని యనుకొనుడి. అతనికి 200 ఆదివారములు, అనగా దాదాపు నాలుగు సంవత్సరములు పట్టును. బాల్యస్నేహములు త్వరగా కుదురుటకును, నడివయస్సున స్నేహము దుర్లభమగుటకును ఇది యొక ముఖ్య కారణము. బాలుని హృదయము మంచిదనియు, పెద్దవాని హృదయము రాయియనియు తలంపరాదు. ఒకనికి తీరిక కలదు, ఒకనికి లేదు, అంతియే భేదము.

దీనినిబట్టి ప్రాత స్నేహము వెల యెట్టిదో తెలియుచున్నది. దానియందు మనము మరల సంపాదింపజాలని కాలము నిలువయై యున్నది. మరియు ప్రాత స్నేహితుడు మనము మునుపు ఎట్లుండెడివారమో ఎరిగినవాడు. మనకు పదవి వచ్చి మెడ బిగిసినప్పుడు, "ఓరీ, వాగు దాటుటకు భయపడి ఏడ్చినవాడవు నీవే కావా?" అని నవ్వగలవాడు అతడొక్కడే. క్రొత్తవారికి ఆ సంగతి తెలియదు. తెలిసినను చెప్పుటకు చనువుండదు.

అట్లని క్రొత్త స్నేహము అక్కరలేదని చెప్పవచ్చునా? చెప్పరాదు. మన గ్రామములలో బాల్యస్నేహము తరచుగా వీధినిబట్టి కుదురును. ఆ వీధి కులమునుబట్టి ఏర్పడినది. కావున ప్రాతవారితో మాత్రమే యుందుననువాడు తాను నమ్మకస్థుడనని యనుకొనుచు, నిజముగా ఒక గోడ వెనుక కూర్చుండి యుండవచ్చును. మరియు ప్రాతవారందరును హితులు కారు. సొలొమోను కుమారుడైన రెహబాము పెద్దల ఆలోచనను త్రోసివేసి, తనతోకూడ పెరిగిన యౌవనుల మాట వినెను. అందువలన పది గోత్రములు అతనిని విడిచిపోయెను. వారు అతనికి బాల్యమిత్రులే గాని అతని మేలు ఎరిగినవారు కారు.

హితోపదేశమందు దీనికి ఎదురుగా నొక కథ కలదు. లేడియు కాకియు చిరకాల స్నేహితులు. నక్క యొకటి వచ్చి లేడితో స్నేహము కోరగా, కులశీలములు తెలియని క్రొత్తవానిని నమ్మరాదని కాకి హెచ్చరించెను. అందుకు నక్క, లేడిని మొదట చూచిన దినమున నీవును క్రొత్తవాడవే కదా యని బదులు చెప్పెను. నక్క దుర్మార్గురాలే, తరువాత లేడి వలలో చిక్కినప్పుడు సాకు చెప్పి త్రాళ్లు కొరుకక తప్పుకొనెను, కాకియే ఉపాయము చెప్పి లేడిని రక్షించెను. అయినను నక్క యాడిన ఆ మాట మాత్రము నిజము. ప్రతి ప్రాత స్నేహితుడును ఒకనాడు క్రొత్తవాడే. కాబట్టి ప్రాతదా, క్రొత్తదా యని కాలము మాత్రమే చూచుట చాలదు. వేరొక గురుతు కావలెను.

ఆ గురుతు ఏదియో అదే గ్రంథమునందలి మరియొక కథ చూపుచున్నది. పరవస్తు చిన్నయసూరి గారు 1853లో ప్రకటించిన నీతిచంద్రికయందలి మిత్రలాభమును చదివినవారు దీనినెరుగుదురు. పావురముల రాజైన చిత్రగ్రీవుడు తన పరివారముతో వలలో చిక్కి, వలతోకూడ ఎగిరి, ప్రాతమిత్రుడైన హిరణ్యకుడను ఎలుకయొద్దకు వచ్చెను. హిరణ్యకుడు సంతోషముతో వల కొరికి అందరిని విడిపించెను. లఘుపతనకమను కాకి దీనినంతయు చూచి, అట్టి ఎలుకతో తానును స్నేహము చేయవలెనని కోరెను. కాకి యెలుకయొక్క ధనమును గాని బలమును గాని చూడలేదు. ఆపదలోనున్న ప్రాతమిత్రునియెడల అది యెట్లు ప్రవర్తించెనో చూచెను. మనము ప్రాతవారిని చూచు విధమే క్రొత్తవారికి మనలనుగూర్చిన యోగ్యతాపత్రము.

ఈ సంగతిని నేను పుస్తకము వలన గాక సిగ్గు వలన నేర్చుకొంటిని. నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుచున్నప్పుడు, మా యూరిలో నాతోకూడ పశువులు కాచిన మిత్రుడొకడు నన్ను చూడవచ్చెను. కాళ్లకు చెప్పులు లేవు. చేతిలో వేరుసెనగకాయల మూట యుండెను. నా గదిలోని సహాధ్యాయి, "ఇతడెవరు?" అని యడుగగా నేను, "మా యూరివాడు" అంటిని. స్నేహితుడనుటకు నాకు నోరు రాలేదు. అతడు మూట క్రిందపెట్టి, మంచినీళ్లు త్రాగి, మధ్యాహ్నపు బస్సుకే తిరిగి పోయెను. కొన్ని నెలలు గడచిన పిమ్మట నా సహాధ్యాయి మాటల సందర్భమున, "నీవు ఉద్యోగములో చేరిన తరువాత నన్నుకూడ ఎవరికైనను మా కాలేజీవాడని చూపుదువు గాబోలు" అనెను. అప్పుడుగాని నేను పోగొట్టుకొనినది ఒక స్నేహము కాదనియు, రెండనియు నాకు తెలియలేదు.

వేసవి సెలవులలో ఊరికి పోయి అతని చేను వెదకికొని వెళ్లితిని. క్షమాపణ చెప్పుటకు మాటలు కూర్చుకొని పోయితిని గాని, అవి నోట రాలేదు. అతడు వేరుసెనగ పీకుచుండెను. నేనును ప్రక్కన వంగి పీకుట మొదలుపెట్టితిని. రెండు సాళ్లు ముగిసిన తరువాత చెప్పగలిగితిని. అతడు నవ్వి, "నేను నీ యూరివాడనే గదరా! అందులో అబద్ధమేమున్నది?" అనెను. ఆ నవ్వు నన్ను గద్దించినంతగా ఏ గురువును గద్దింపలేదు. మరుసటి సంవత్సరము నా సహాధ్యాయిని మా యూరికి తోడుకొని పోయి వారిద్దరికి పరిచయము చేసితిని. నేడు వారిద్దరు నన్ను విడిచియు మాటలాడుకొనుచుందురు.

ప్రాత క్రొత్త స్నేహములను రెంటిని కలిపి నిలిపిన మహనీయుడొకరు మన తెలుగు క్రైస్తవులకు బాగుగా తెలిసినవారే. డోర్నకల్ బిషప్పు వేదనాయకము సామ్యేలు అజరయ్య గారు 1874లో తిరునల్వేలి సీమలో జన్మించిన తమిళులు. 1903లో అచ్చటి క్రైస్తవులతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. 1909లో ముప్పదియైదేండ్ల ప్రాయమున తామే డోర్నకల్‌నకు వచ్చి, తెలుగు నేర్చుకొని, ఆ కాలమున అంటరానివారని దూరముగా నుంచబడిన ప్రజల నడుమ కాపురముండిరి. ఆ పనికి తిరునల్వేలి క్రైస్తవుల కానుకలే ఆధారము. వారు ప్రాతవారిని విడిచి క్రొత్తవారియొద్దకు రాలేదు. ప్రాతవారి చేయి పట్టుకొనియే క్రొత్తవారికి చేయి చాచిరి.

1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య గారు మాటలాడుచు, విదేశ మిషనరీల త్యాగమునకు కృతజ్ఞత తెలిపి, భారత క్రైస్తవులకు అంతకంటెను కావలసినది వారి స్నేహమని వేడుకొనిరి. ఆ మాట కొందరికి కష్టము కలిగించెను. అయితే ఉపకారము చేయువాడు పైనుండి చేయి చాచవచ్చును. స్నేహితుడు మాత్రము ప్రక్కన కూర్చుండవలెను. అజరయ్య గారు 1912లో ఆంగ్లికను సంఘమున భారతీయులలో మొదటి బిషప్పుగా అభిషేకము పొందిరి. 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్‌లోనే మృతినొందిరి. తమిళదేశమునుండి క్రొత్తవారుగా వచ్చినవారు తెలుగువారి ప్రాతమిత్రులై ఇచ్చటి మంటిలోనే విశ్రమించిరి.

విద్యార్థులారా, ఇక మీరు చేయదగిన కొన్ని పనులు చెప్పెదను. మొదటిది, ప్రాతమిత్రుని ఎవరియెదుటనైనను "నా స్నేహితుడు" అని పేరుపెట్టి చెప్పుడి. రెండవది, తోడని బావి నీరు పాడగును. కావున నెలకొక ఉత్తరమైనను, ఫోనులో పది నిమిషముల మాటయైనను మానవలదు. మూడవది, ప్రాతవారిని క్రొత్తవారికి కలుపుడి. నాలుగవది, ప్రాతమిత్రుడు చెడునడతకు పిలిచినయెడల ఆ నడతను విడువుడి. అతని కష్టకాలమున మాత్రము అతనిని విడువవలదు. తలిదండ్రులారా, మీ పిల్లలు వేరొక వీధివానిని ఇంటికి తెచ్చినప్పుడు వాని కులము నడుగక, భోజనము చేసితివా యని అడుగుడి.

ఇక నన్ను ప్రశ్నించిన బాలునికి ఆలస్యముగా నైనను ప్రత్యుత్తరమిది. నాయనా, నీది తప్పు కాదు. మీరు వేరువేరు చోట్ల దినములు గడపితిరి. కావున చెప్పుకొనుటకు ఒకే సంగతి లేదు. మునుపైనను మీ స్నేహము మాటలతో కుదిరినది కాదు. ఈత కొట్టి, చెట్లెక్కి, గాలిపటము లెగురవేసి కుదిరినది. సంక్రాంతి సెలవులలో పోయినప్పుడు మాటలకొరకు వెదకవలదు. వానితోకూడ చెరువునకు పొమ్ము. మాటలు వాటియంతట అవియే వచ్చును.