డీఎన్‌డీ పెడితే వరద మెసేజ్ ఆగదు

కోనసీమ లంక గ్రామాల్లో వానాకాలం వచ్చిందంటే ఫోన్ తలగడ పక్కనే ఉంటుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. 2022 జులైలో మూడోదీ దాటి, 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద సముద్రంలోకి పోయింది. అందుకే ప్లాట్లు, లోన్లు, రమ్మీ మెసేజ్‌లతో ఎంత విసిగినా, “డీఎన్‌డీ పెడితే వరద మెసేజ్ కూడా ఆగిపోద్దంటండి” అని వెనకాడేవాళ్లున్నారు. ముందు ఈ భయం తీరాలి.

అపోహ: డీఎన్‌డీలో చేరితే ఓటీపీలు, ప్రభుత్వ హెచ్చరికలు రావు.

వాస్తవం: డీఎన్‌డీ అంటే ప్రచార ఫోన్లు, మెసేజ్‌లు వద్దని మీ నంబరు నమోదు చేసుకోవడం. ఆగేవి వ్యాపార ప్రచారాలే. 2025లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన మార్పుల తర్వాత ఈ తేడా కంటికే కనిపిస్తుంది. పంపినవాళ్ల పేరు చివర చిన్న గీత, దాని తర్వాత ఒక ఇంగ్లిషు అక్షరం ఉంటాయి. పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సేవా సమాచారం, టీ అంటే ఓటీపీ వంటి లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. డీఎన్‌డీ ఆపేది పీని. వరద వార్త జీతో వస్తుంది, దానికి అడ్డు లేదు.

చేరడం కష్టం కాదు. 1909కి ఫోన్ చేయవచ్చు. లేదా ఇంగ్లిషులో స్టార్ట్ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, సున్నా పెట్టి అదే నంబరుకు మెసేజ్ పంపవచ్చు. అన్నీ వద్దనుకోనవసరం లేదు. బ్యాంకింగ్, స్థలాలు, చదువు, ఆరోగ్యం ఇలా 8 రకాలున్నాయి, కావలసినవి ఉంచుకోవచ్చు. అయితే ఏ దుకాణానికైనా మీరే అనుమతి ఇచ్చి ఉంటే వాళ్ల మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. ఆ అనుమతిని వెనక్కి తీసుకునే హక్కూ మీదే.

అపోహ: ఫోన్‌లో బ్లాక్ కొడితే పని అయిపోయినట్టే.

వాస్తవం: ఆ నంబరు మీ ఒక్కరికే కనబడదు, పక్కింటివాళ్లను వేధిస్తూనే ఉంటుంది. పంపేవాడి లైను కట్ కావాలంటే 1909కి ఫిర్యాదు చేయాలి. మామూలు 10 అంకెల నంబరు నుంచి ప్రచారం వస్తే, మీరు డీఎన్‌డీలో లేకపోయినా ఫిర్యాదు చేయవచ్చని 2025 ఫిబ్రవరి సవరణ చెబుతోంది. మెసేజ్ వచ్చాక ఫిర్యాదు చేసే గడువు 3 రోజుల నుంచి 7 రోజులకు పెరిగింది. అలాంటి నంబరుపై 10 రోజుల్లో 5 ఫిర్యాదులు వస్తే చర్య మొదలవుతుంది. మీ ఊళ్లో అయిదుగురికి అదే మెసేజ్ వచ్చిందనుకోండి, అయిదుగురూ పెట్టండి. నా ఉద్దేశంలో బ్లాక్ బటన్ కంటే ఇదే బలమైన ఆయుధం.

అపోహ: డీఎన్‌డీ ఉంది కాబట్టి మోసగాళ్లు మన జోలికి రారు.

వాస్తవం: డీఎన్‌డీ వ్యాపారులకు పెట్టిన కట్టుబాటు. దొంగ దాన్ని లెక్కచేయడు. పైగా వాట్సాప్ దీని పరిధిలోకే రాదు. చలానా అనో, పీఎం కిసాన్ అనో పేరు పెట్టి వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును వేలితో కూడా తాకకండి. అనుమానాస్పద మెసేజ్‌ను కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగంలో తెలపండి. డబ్బు పోతే మాత్రం సిగ్గుపడి దాచుకోకండి, తెల్లారనివ్వకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.