జప్తు అను మాట

2024 సెప్టెంబరులో బుడమేటి వరద నందివాడ పొలములను ముంచినది. పంట పోయిన ఏట అప్పు నిలుచును. అప్పు నిలిచిన ఇంట భయము గొలుపు మాట జప్తు. ఆ మాట చెవిన బడగానే సర్వము పోయినదని క్రుంగువారు కలరు. అర్థము తెలియకపోవుటయే ఈ భయమునకు సగము కారణమని మేము తలచుచున్నాము.

ఇది అరబ్బీ పదము. పారసీ దఫ్తరుల వెంట మనకు వచ్చినది. మూలార్థము అపహరించుట కాదు, గట్టిగా పట్టి అదుపున నుంచుట. అక్బరు కాలమున తోడరుమల్లు పొలములు కొలిపించి శిస్తు నిర్ణయించిన పద్ధతికి జబ్తు అనియే పేరు. కొలతగాని మాట అమీనా చేతి కాగితమున కెక్కినది! దాని వెనుక వచ్చు వేలము పోర్చుగీసువారిది. హర్రాజు మరల అరబ్బీయే. రైతు గడప దాటించుటకు ఎన్ని దేశముల భాషలు కూడివచ్చినవో చూడుడు.

లాటినున ఫిస్కస్ అనగా గంప, పిదప రాజు బొక్కసము. కాన్‌ఫిస్కేషను అనగా సొత్తు ఆ గంపలో పడుటయే. సివిలు కోర్టువారి అటాచ్‌మెంటు అట్టిది కాదు. సొత్తు యజమానిదిగనే యుండును. డిక్రీదారునకు నష్టముగా అమ్మరాదు, అంతియే. మన వాడుక ఈ రెంటిని ఒక్క జప్తులో కలిపివేసినది. 1921-22లో పెదనందిపాడు ఫిర్కా రైతులు పన్ను నిరాకరించి దొరతనమువారి జప్తుల నెదిరించిన పిమ్మట మాత్రము ఆ మాటలోని సిగ్గు కొంత తొలగినది.

1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను మన రైతులు తప్పక ఎరుగవలసినది. డిక్రీ అప్పునకై కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపులు, స్త్రీలు మతాచారమునుబట్టి విడువరాని నగలు పట్టరాదు. వ్యవసాయదారుని పనిముట్లు, కోర్టువారు జీవనమునకు అవసరమని యెంచిన పశువులు, విత్తనములు, అతడు కాపురమున్న ఇల్లు సైతము ఈ రక్షణలోనివే. తాకట్టు పెట్టిన ఇంటికి ఈ రక్షణ లేదు. పెక్కుమంది మోసపోవునది ఇక్కడనే.

భూమిని జప్తు చేసినచో ఆ చోట టముకు వేయించి, ఉత్తరువు నకలును అందరికి కనబడునట్లు అంటింపవలెను. వేలము జరిగినను ఆశ విడువ నక్కరలేదు. 60 దినములలోగా వేలము ప్రకటనలోని బాకీని, కొన్నవానికై వేలపు ధరలో నూటికి 5 వంతును కోర్టులో కట్టి దరఖాస్తు చేసినచో ఆ అమ్మకము రద్దగును.