నమూనా ముందా? అనుసంధానం ముందా?

ఇల్లు కట్టించేవారు ముందుగా కాగితం మీద ప్లాను గీయించుకుంటారు. వంటగది ఎక్కడ ఉండాలి, తలుపు ఎటు తెరుచుకోవాలి అన్నది అందులో తేలిపోతుంది. నీటి గొట్టాలు, కరెంటు తీగలు కలపడం వేరే పని. ప్లాను ఎంత చక్కగా గీసినా దానివల్ల కుళాయిలో నీళ్ళు రావు. గొట్టాలు ఎంత గట్టిగా బిగించినా, తలుపు తప్పు దిక్కున పెడితే ఆ ఇబ్బంది తీరదు.

సాఫ్ట్‌వేర్ రంగంలోనూ ఇలాంటి రెండు పనులున్నాయి. ఒకటి డిజైన్ నమూనా తయారుచేయడం, రెండవది వేర్వేరు అప్లికేషన్లను అనుసంధానం చేయడం. రెండింటికీ విడివిడిగా సాఫ్ట్‌వేర్లు దొరుకుతున్నాయి. రెండూ కూడా "ప్రోగ్రాం రాయనక్కరలేదు, పని త్వరగా అయిపోతుంది" అనే చెబుతాయి. అందుకే ఏది ఎంచుకోవాలో తెలియక చాలామంది తికమకపడతారు.

జబ్బు ఒకటి, మందు ఒకటి

ఒక కళాశాలను ఊహించుకుందాం. పుస్తకాల లెక్క లైబ్రరీలో ఒక సాఫ్ట్‌వేర్‌లో, ఫీజుల లెక్క ఆఫీసులో మరో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. ఒక విద్యార్థి పుస్తకం తిరిగి ఇచ్చి, ఆలస్యమైనందుకు జరిమానా కూడా ఆఫీసులో కట్టాడు. ఆ సంగతి లైబ్రరీ లెక్కకు చేరలేదు. చదువు పూర్తయి టి.సి. కోసం వెళితే "నీ పేరు మీద బాకీ ఉంది" అన్నారు. అక్కడ పై చదువులో చేరడానికి గడువు దగ్గరపడుతోంది.

దీనికి పరిష్కారంగా ఎవరైనా "విద్యార్థుల కోసం కొత్త యాప్ డిజైన్ చేయిద్దాం" అనవచ్చు. కానీ అడుగున లెక్కలు కలవనంత కాలం, అందమైన కొత్త తెర మీద కూడా అదే తప్పుడు బాకీ కనిపిస్తుంది. ఇక్కడ కావలసింది అనుసంధానం.

అనుసంధానం ఎలా జరుగుతుంది?

చాలా అప్లికేషన్లకు ఎ.పి.ఐ. అనే ఏర్పాటు ఉంటుంది. దీన్ని ఆఫీసులోని కిటికీతో పోల్చవచ్చు. బయటివారు లోపలికి వెళ్ళకుండానే, నిర్ణయించిన పద్ధతిలో అడిగితే కిటికీ దగ్గర సమాధానం దొరుకుతుంది. అనుసంధాన సాఫ్ట్‌వేర్ ఒక కిటికీ దగ్గర సమాచారం తీసుకుని మరో కిటికీలో అందిస్తుంది. "ఫీజు లెక్కలో జరిమానా జమ అయితే, లైబ్రరీ లెక్కలో బాకీ కొట్టివేయి" అన్న నియమం ఒకసారి పెడితే చాలు. 2011లో మొదలైన జాపియర్ ఇలాంటి చిన్న చిన్న నియమాలకు పేరుపొందింది. పెద్ద సంస్థల అవసరాలకు మ్యూల్‌సాఫ్ట్ వంటివి ఉన్నాయి. దీన్ని 2018లో సేల్స్‌ఫోర్స్ కొనుగోలు చేసింది.

మధ్యవర్తి ఎందుకు అంటారా? చిన్న లెక్క వేసి చూడండి. 5 అప్లికేషన్లలో ప్రతిదాన్నీ మిగతా అన్నింటితో విడిగా కలిపితే 10 లంకెలు కావాలి. 10 అప్లికేషన్లయితే 45 లంకెలు! అన్నింటినీ మధ్యలో ఒకదానికి కలిపితే 10 లంకెలు సరిపోతాయి.

అయితే సమాచారం చేరితే సరిపోదు, దాని అర్థం కూడా చేరాలి. నాసా 1998 డిసెంబరులో పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కథ ఇందుకు సాక్ష్యం. భూమి మీది ఒక సాఫ్ట్‌వేర్ బలానికి సంబంధించిన అంకెలను పౌండ్ల కొలమానంలో ఇచ్చింది. వాటిని అందుకున్న సాఫ్ట్‌వేర్ న్యూటన్లుగా భావించింది. తేడా సుమారు నాలుగున్నర రెట్లు. ఫలితంగా కుజగ్రహానికి సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున పోవలసిన నౌక 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయి, 1999 సెప్టెంబరు 23న మనకు దక్కకుండా పోయింది.

నమూనా ఏం చెబుతుంది?

ఇప్పుడు లెక్కలన్నీ కలిశాయనుకుందాం. అయినా విద్యార్థులు "గడువు పెంచు" అన్న మీట ఎక్కడుందో తెలియక జరిమానాలు కడుతున్నారు. ఇది మనిషికీ తెరకూ మధ్య ఉన్న సమస్య. దీనికి నమూనా కావాలి.

2016లో అందరికీ అందుబాటులోకి వచ్చిన ఫిగ్మా వంటి సాఫ్ట్‌వేర్‌లో తెరల బొమ్మలు గీసి, ఒక మీట నొక్కితే ఏ తెర రావాలో కలుపుతారు. చూడడానికి అసలు యాప్‌లాగే ఉంటుంది గాని, సాధారణంగా వెనుక నిజమైన లెక్కలేమీ ఉండవు. అయినా ప్రయోజనం తక్కువేమీ కాదు. 1996లో వచ్చిన పామ్ పైలట్ అనే చేతి కంప్యూటర్‌ను తయారుచేసే ముందు, జెఫ్ హాకిన్స్ అదే పరిమాణంలో ఒక చెక్కముక్కను జేబులో వేసుకుని తిరిగి, దాని వాడుక ఎలా ఉంటుందో పరీక్షించుకున్నాడు.

నమూనాను ఎంతమందికి చూపించాలి? ఒక్కో విడతకు ఐదుగురు చాలునని జాకబ్ నీల్సన్ 2000లో సూచించాడు. వారి తికమకల్లోనే ముఖ్యమైన లోపాలు చాలావరకు బయటపడతాయని ఆయన వాదన. తెరను దిద్దిన తరువాత మళ్ళీ కొత్తవారికి చూపించాలి.

ఎంచుకునే ముందు

తప్పు సమాచారం కనిపిస్తోందా, ఒకే వివరాన్ని రెండుచోట్ల టైపు చేస్తున్నారా? అయితే అనుసంధానం చూడండి. సమాచారం సరిగానే ఉన్నా మనుషులు దారి తప్పుతున్నారా? నమూనా చేయండి. కొత్తగా మొదలుపెట్టే పనికి రెండూ కావాలి. అప్పుడు సాధారణంగా నమూనాయే ముందు. బొమ్మను చెరిపి గీయడం తేలిక, నడుస్తున్న లంకెలను విప్పి కట్టడం కష్టం.

అనుసంధాన సాఫ్ట్‌వేర్ కొనేవారు మరికొన్ని సంగతులు అడగాలి. మధ్యలో నెట్ ఆగిపోతే మళ్ళీ ప్రయత్నిస్తుందా? అలా ప్రయత్నించినప్పుడు ఒకే జరిమానా రెండుసార్లు నమోదు కాకుండా చూస్తుందా? ఫోన్ నంబర్ల వంటి వ్యక్తిగత వివరాలను ఎవరెవరు చూడగలరు? ధర నెలకా, చేసిన పనుల సంఖ్యకా?

నమూనా సాఫ్ట్‌వేర్ అయితే, మీవారి దగ్గరున్న మామూలు ఫోన్లలో నమూనా నడుస్తుందో లేదో చూడాలి. చేసిన పనిని బయటికి తీసి దాచుకునే వీలుండాలి. ఒకప్పుడు ఎంతో పేరున్న ఇన్‌విజన్ తన డిజైన్ సేవలను 2024 చివరలో మూసివేసింది. పనిని ముందుగా బయటికి తీసుకున్నవారికే అది మిగులుతుంది.

నేర్చుకోదలచిన విద్యార్థులకు ఖర్చు అడ్డం కాదు. నమూనాలకు పెన్‌పాట్, అనుసంధానానికి నోడ్-రెడ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. కానీ ఏదైనా తెరిచే ముందు, మీరు తీర్చదలచిన ఇబ్బందిని ఒక కాగితం మీద ఒకే వాక్యంలో రాయండి. ఆ వాక్యంలో తడబడుతున్నది మనిషా, సమాచారమా అన్నది తేలితే, ఎంపిక సగం పూర్తయినట్లే.