కత్తెర పడితే గడువు మారుతుంది

టెట్రా ప్యాక్ పాలు తెచ్చి, కత్తిరించి, గిన్నెలో పోసి పొంగు వచ్చేదాకా కాచడం చాలా ఇళ్లలో మామూలే. నిజానికి ఆ పాలను కాచాల్సిన పనే లేదు. వాటిని 135 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కొన్ని సెకన్లు వేడిచేసి, క్రిములు లేకుండా చేసిన డబ్బాలో బయటి గాలి సోకకుండా నింపుతారు. కాగితం, పాలిథిన్, పల్చటి అల్యూమినియం రేకు పొరలుగా అతికించిన ఆ డబ్బా గాలినీ వెలుతురునూ లోపలికి రానివ్వదు. అందుకే ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి నిలవుంటాయి. రోజూ తెచ్చుకునే పాలకవర్ల సంగతి వేరు. వాటిని తెచ్చిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, కాచే వాడుకోవాలి.

చిక్కంతా కత్తెర పడ్డాకే. ఇంకా మూడు నెలల గడువుంది కదా అని తెరిచిన డబ్బాను వంటగట్టు మీద వదిలేస్తే, ఎండాకాలంలో సాయంత్రానికే పాలు విరిగిపోవచ్చు. డబ్బా మీద అచ్చేసిన తేదీ తెరవని డబ్బాకే వర్తిస్తుంది. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో వాడేయాలి.

ఇలా ఇళ్లలో పారబోసేది తక్కువేం కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోదే. మనం నెపమంతా హోటళ్ల మీదికీ, పెళ్లి భోజనాల మీదికీ నెట్టేస్తుంటాం. మన దేశంలో ఇళ్లలోనే మనిషికి ఏటా సుమారు 55 కిలోలు పారేస్తున్నామన్నది ఆ నివేదిక అంచనా. తొక్కలు, టెంకలు కూడా ఈ లెక్కలోవే లెండి.

చిప్స్ ప్యాకెట్ ఉబ్బి ఉంటే ‘గాలికి డబ్బులు తీసుకుంటున్నారు’ అని విసుక్కుంటాం. ఆ ఉబ్బుకు కారణం నైట్రోజన్ వాయువు. ఆక్సిజన్ తగిలితే వేయించిన నూనె పాడవుతుంది కాబట్టి, దాన్ని తరిమేసి నైట్రోజన్ నింపుతారు. కొన్ని మిఠాయి, డ్రైఫ్రూట్స్ డబ్బాల్లో కనిపించే చిన్న సంచీదీ ఇలాంటి కాపలా పనే. సిలికా జెల్ సంచి తేమను పీల్చుకుంటుంది. ఇనుప పొడి ఉండే సంచి మరో రకం. ఆ పొడి తుప్పు పడుతూ డబ్బాలోని ఆక్సిజన్‌ను ఖాళీ చేస్తుంది. 1977లో ఇవి జపాన్ మార్కెట్లోకి వచ్చాయి. డబ్బా తెరవగానే బయటి గాలి చొరబడుతుంది గనక ఆ పొడి కాస్తా అయిపోతుంది. దాచిపెట్టి ఇంకో డబ్బాలో వేసుకున్నా ఫలితం ఉండదు. పిల్లల చేతికి చిక్కకుండా చెత్తబుట్టలో వేయడమే మేలు.

కూరగాయలకు ఈ సూత్రం చెల్లదు. కోశాక కూడా అవి శ్వాస తీసుకుంటూనే ఉంటాయి. అందుకే వాటికి సన్నటి రంధ్రాలున్న కవర్లు తయారుచేస్తున్నారు. కొత్తిమీరను తడితోనే పాలిథిన్ కవర్లో బిగించి ముడేస్తే నాలుగు రోజుల్లో జిగురుగా మారేది ఊపిరాడకే. తడి ఆరనిచ్చి, పల్చటి గుడ్డలో వదులుగా చుడితే చాలు. అరటి, ఆపిల్, పండిన మామిడి ఇథిలీన్ వాయువును వదులుతాయి. దాంతో పక్కనున్న ఆకుకూరలు త్వరగా పసుపెక్కుతాయి. ఎగుమతి పండ్ల పెట్టెల్లో దీన్ని పీల్చే సంచులు పెడతారు. ఇంట్లోనైతే వాటిని వేరువేరుగా పెట్టుకుంటే సరి.

పోలియో చుక్కల సీసాను ఎప్పుడైనా గమనించారా? దాని మీద చిన్న వృత్తం, మధ్యలో లేత రంగు చతురస్రం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చతురస్రం ముదురుతుంది. వృత్తంతో సమానంగా ముదిరితే ఆ సీసాను పక్కన పడేస్తారు. 1996 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. ఇదే తరహా లేబుళ్లు ఆహారం ప్యాకెట్ల కోసమూ తయారయ్యాయి. మన కొట్లలో మాత్రం పెద్దగా కనిపించవు. అవసరం మనకే ఎక్కువ! మే నెల ఎండలో రెండు గంటలు కారులో ఉండిపోయిన పనీర్ సంగతి ప్యాకెట్ మీది తేదీకి ఏం తెలుస్తుంది? వ్యాక్యూమ్ ప్యాక్ చేసిన చేపలైనా, పనీర్ అయినా చల్లగా ఉంచాల్సిందే. గాలి లేని చోటే పెరిగే ప్రమాదకరమైన బ్యాక్టీరియా ఉన్నాయి మరి.

తేదీ పక్కనున్న మాటనూ చదవండి. ‘బెస్ట్ బిఫోర్’ అంటే ఆ లోపు రుచి, నాణ్యత బాగుంటాయని. అది దాటి వారమైన బిస్కెట్లు కాస్త మెత్తబడి ఉండొచ్చు, విషమైతే కావు. ‘ఎక్స్‌పైరీ’, ‘యూజ్ బై’ అని ఉంటే మాత్రం ఆ రోజు దాటాక తినకూడదు. వాసన బాగానే ఉంది కదా అనుకోవద్దు. జబ్బు చేసే క్రిములన్నీ వాసనతో పట్టుబడవు. తేదీ ఎంత దూరమున్నా బూజు పట్టిన వేరుశెనగ గింజలను కడిగి వేయించుకోవద్దు. వాటిలో ఉండగల అఫ్లాటాక్సిన్ కాలేయానికి చేటు, మామూలు వంట వేడికి పూర్తిగా పోదు.

కిలో ప్యాకెట్ చవగ్గా వస్తుందని కొని, సగం పారేస్తే ఆదా ఎక్కడ? ఇద్దరే ఉన్న ఇంటికి పావుకిలో ప్యాకెట్లే నయం. తెరిచిన రోజు తేదీని మార్కర్ పెన్నుతో ప్యాకెట్ మీదే రాసుకోండి. ఉబ్బిన పనీర్, మాంసం ప్యాకెట్లను రుచి చూసి పరీక్షించకుండా పారేయండి. దోసెల పిండి ప్యాకెట్ ఉబ్బితే మాత్రం కంగారు పడక్కర్లేదు. పిండి ఇంకా పులుస్తూ వదిలిన వాయువే అది. గడువు లోపే ఉండి, రంగు మచ్చలు, చెడు వాసన లేకపోతే నిక్షేపంగా దోసెలు పోసుకోవచ్చు.