బెళుగుప్ప ప్రాంతములో ఆవుల పెంపకము

బెళుగుప్ప, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని అనంతపురం జిల్లాకు చెందిన ఒక మండల కేంద్రము. కరువుకు పేరుపడిన రాయలసీమ పీఠభూమిలో ఉన్న ఈ ప్రాంతములో ఆవుల పెంపకము వ్యవసాయమునకు అనుబంధముగా సాగుతున్నది. ఇక్కడ సంవత్సరములో నాలుగైదు నెలలు మాత్రమే పచ్చిక దొరుకుతుంది. మిగిలిన కాలమంతా పశువులు వామిలో నిల్వచేసిన ఎండుమేతపై బ్రతుకుతాయి. అందువలన వామిలోని మేతకు ఎన్ని పశువులు సరిపోతాయి అనే లెక్క ఈ ప్రాంత పశుపోషణకు మూలము.

పెంపకపు స్వభావము

అమెరికా, ఆస్ట్రేలియా, బ్రెజిల్ వంటి దేశములలో విశాలమైన పచ్చిక క్షేత్రములలో వందల కొలది ఆవులను మాంసము కొరకు పెంచుతారు. వీటిని రాంచ్‌లు అంటారు. బ్రెజిల్ రాంచ్‌లలో ప్రసిద్ధి చెందిన నెలోర్ జాతికి మూలము ఆంధ్ర ప్రదేశ్‌కు చెందిన ఒంగోలు జాతి పశువులే. ఆ జాతి పేరు నెల్లూరు నుండి వచ్చినది.

బెళుగుప్ప ప్రాంతములో ఇటువంటి క్షేత్రములు లేవు. రాష్ట్రములో 1977 నాటి చట్టము ప్రకారము గోవధ నిషిద్ధము. ఇక్కడి రైతులు ఆవులను సేద్యపు ఎద్దుల కొరకు, ఎరువు కొరకు, పాల కొరకు పెంచుతారు. దేశవాళి పశువులతో పాటు కర్ణాటక సరిహద్దు వైపు హళ్ళికార్ జాతి పశువులు, పాల కొరకు పెంచే సంకరజాతి ఆవులు కూడా కనిపిస్తాయి. ట్రాక్టర్ల వాడకము పెరిగిన తరువాత ఎద్దుల అవసరము తగ్గినది.

పెద్ద మందలను పచ్చికపై పెంచే పద్ధతి పొరుగున ఉన్న మైసూరు రాజ్యములో ఉండేది. అక్కడి ప్రభుత్వ మందలకు టిప్పు సుల్తాన్ కాలములో అమృత మహల్ అను పేరు వచ్చినది. ఈ మందల కొరకు కావళ్ళు అనే మేతభూములను కేటాయించారు. వాటిని వానాకాలపు, చలికాలపు, వేసవి కావళ్ళుగా విభజించి మందలను ఒక దాని నుండి మరొక దానికి తరలించేవారు. ఒకే బీడును ఏడాది పొడుగునా మేపరాదు అన్న సూత్రము ఈ ఏర్పాటులో ఉన్నది.

వర్షపాతము, మేత

అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతము సుమారు 550 మి.మీ. ఇందులో ఎక్కువ భాగము జూన్ - అక్టోబరు మధ్య కురుస్తుంది. బెళుగుప్ప ప్రాంతములో ఎర్రనేలలు, నల్లరేగడి నేలలు రెండూ ఉన్నవి. వర్షాకాలములో పశువులు బీళ్ళలోను, చేల గట్లపైన మేస్తాయి. పంట కోతల తరువాత కొన్ని వారములు చేలలో మిగిలిన మోళ్ళను, ఆకులను మేస్తాయి. ఫిబ్రవరి నుండి మొదటి వానల వరకు మేత కొరత తీవ్రముగా ఉంటుంది.

పూర్వము జొన్న, కొర్ర, సజ్జ పంటలు విస్తారముగా వేసేవారు. వాటి చొప్ప, గడ్డి పశువులకు ప్రధాన ఆహారము. ఇరవయ్యో శతాబ్దపు చివరి దశాబ్దములలో వేరుశనగ జిల్లాలో ప్రధాన పంట అయి, ఒక దశలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో సాగైనది. అప్పటి నుండి వేరుశనగ కట్టె ముఖ్యమైన మేత అయినది. ఇందులో జొన్న చొప్ప కంటే మాంసకృత్తులు ఎక్కువ. అయితే వాన కురవని యేడు కాయతో పాటు కట్టె కూడా తగ్గుతుంది. అనగా రైతుకు రాబడి, పశువుకు మేత ఒకేసారి పోతాయి. అటువంటి యేడు తుంగభద్ర ఎగువ కాలువ క్రింద వరి పండే కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు నుండి వరిగడ్డి కొని తెచ్చుకుంటారు.

వరిగడ్డిలో పోషక విలువ తక్కువ. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 - 60 లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా రెండు మూడు వారములు కప్పి ఉంచితే గడ్డి సులభముగా జీర్ణమవుతుంది. ఆరు నెలల లోపు దూడలకు దీనిని పెట్టరాదు. యూరియా మోతాదు మించితే పశువులకు ప్రాణాపాయము.

వామి లెక్క

పశువు రోజుకు తన బరువులో 2 నుండి 2.5 శాతము వరకు ఎండుమేత తింటుంది. 300 కిలోల దేశవాళి ఆవుకు ఇది 6 నుండి 7.5 కిలోలు. జనవరి నుండి జూన్ వరకు 180 రోజులకు ఒక ఆవుకు సుమారు 1.1 నుండి 1.35 టన్నులు అవసరము. ఇందులో వృథా అయ్యేది అదనము. సంక్రాంతి నాటికి వామిని చూసి ఈ లెక్క వేసుకున్న రైతు, మేత చాలదనుకుంటే ముసలి పశువులను, ఈనని ఆవులను ముందుగానే అమ్ముకొనవచ్చును. వేసవి వరకు ఆగితే పశువులు బక్కచిక్కుతాయి. పైగా అందరూ ఒకేసారి సంతకు తోలడము వలన ధర పడిపోతుంది.

ఈ నష్టము ఒక్క యేటితో తీరదు. దేశవాళి పెయ్య మొదటి ఈత ఈనడానికి సుమారు నాలుగు సంవత్సరములు పడుతుంది. కనుక కరువులో పాడి ఆవును అమ్ముకున్న కుటుంబము తిరిగి దూడ నుండి ఆవును తయారు చేసుకొనే లోపు మరొక కరువు రావచ్చును.

దూడల సంరక్షణ

ఆవు చూడికాలము సుమారు 280 రోజులు. చివరి రెండు మూడు నెలలలో గర్భములోని దూడ వేగముగా పెరుగుతుంది. ఈ నెలలు వేసవిలో పడితే తల్లికి మేత చాలక దూడ బలహీనముగా పుడుతుంది. వర్షాకాలములో ఈనిన ఆవుకు పచ్చిమేత దొరికి పాలు బాగా ఉంటాయి.

పుట్టిన దూడ బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయాలి. మొదటి గంట రెండు గంటల లోపు ముర్రుపాలు త్రాగించాలి. రోగములను తట్టుకొనే శక్తి దూడకు ఈ పాల ద్వారానే వస్తుంది. రోజుకు దూడ బరువులో పదవ వంతు, అనగా 20 కిలోల దూడకు సుమారు 2 లీటర్లు అవసరము. రెండవ వారములో ఏలికపాముల నివారణకు మందు త్రాగిస్తారు.

వ్యాధులు, ప్రమాదములు

గొంతువాపు, జబ్బవాపు వ్యాధులకు వానలకు ముందే టీకాలు వేయించాలి. గాలికుంటు వ్యాధి నివారణకు 2019లో కేంద్ర ప్రభుత్వము జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. 2022లో దేశములో ముద్దచర్మ వ్యాధి విస్తృతముగా వ్యాపించి పశువులు పెద్ద సంఖ్యలో మరణించాయి.

కరువు కాలములో మరొక ప్రమాదము జొన్న పైరు. వాన లేక గిడసబారిన లేత జొన్నలో హైడ్రోసయానిక్ ఆమ్లము చేరుతుంది. ఆకలితో ఉన్న పశువు దీనిని మేస్తే కొద్ది సేపటిలోనే మరణించవచ్చును. పూత దశకు ముందు జొన్నను మేపకుండుట క్షేమము.

బీళ్ళు, నీరు

గ్రామ ఉమ్మడి బీళ్ళు సాగులోకి రావడము వలన మేతభూమి తగ్గినది. మిగిలిన బీళ్ళలో ఆవులతో పాటు గొర్రెలు, మేకలు కూడా మేస్తాయి. వానల తొలి వారములలో గడ్డి వేరు పట్టక ముందే మేపితే మరుసటి యేడు గడ్డి పలుచబడుతుంది. బీడును భాగములుగా చేసి వంతుల వారీగా మేపితే గడ్డి కోలుకుంటుంది.

దీనికి ఉదాహరణ పూర్వపు అనంతపురం జిల్లాలోని చెన్నేకొత్తపల్లి వైపు ఉన్న కల్పవల్లి. ఇక్కడ 1990ల నుండి టింబక్టు కలెక్టివ్ సంస్థ తోడ్పాటుతో గ్రామస్థులు వేల ఎకరముల బంజరును నిప్పు నుండి, అతిమేత నుండి కాపాడి తిరిగి పచ్చికబీడుగా మార్చారు.

బెళుగుప్ప మండలములోని జీడిపల్లి జలాశయమునకు హంద్రీ - నీవా పథకము ద్వారా 2012లో కృష్ణా జలములు చేరాయి. నీటి వసతి ఉన్న రైతు కొద్ది సెంట్ల భూమిలో నేపియర్ వంటి బహువార్షిక గడ్డిని పెంచుకొనవచ్చును. వర్షాధార రైతుకు మాత్రము వామిలోని మేతే ఆధారము.

కరువులు

ఈ ప్రాంతము బళ్ళారి జిల్లాలో భాగముగా ఉన్నప్పుడు 1876 - 78లో వచ్చిన ధాత కరువులో మనుషులతో పాటు పశువులు కూడా అసంఖ్యాకముగా మరణించాయి. ఎద్దులు లేనందున వాన కురిసిన తరువాత కూడా దున్నడము కష్టమైనది. ఇటీవలి కాలములో కరువు యేళ్ళలో పశు శిబిరములు, రాయితీపై మేత సరఫరా వంటి ఏర్పాట్లు జరుగుతున్నాయి. ఇవి ఆలస్యమైతే పశువులు అప్పటికే సంతకు చేరుకుంటాయి. మంచి యేడు మిగిలిన మేతను వానకు తడవకుండా కప్పి, మరుసటి యేటికి దాచుకొనుట రైతు చేతిలో ఉన్న నమ్మకమైన రక్షణ.