సిస్టమ్ పైథాన్ మనది కాదు

బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరు ఉబుంటు ల్యాప్‌టాప్ తెరిచి, పిప్‌తో ఏదో ప్యాకేజీ వేయబోతే ఈ మధ్య ఎర్రర్ ఎదురవుతోంది: ఈ పైథాన్‌ను సిస్టమే చూసుకుంటుంది, మీరు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోండి అని. 'బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్' అనే ఆప్షన్ తగిలించి దాన్ని దాటేసేవాళ్లు తక్కువేం కాదు, పేరులోనే హెచ్చరిక ఉన్నా సరే. నిజానికి ఆ ఎర్రర్ చెప్పేది న్యాయమే. ఉబుంటుతో వచ్చిన పైథాన్ మనకోసం పెట్టింది కాదు. అప్‌డేట్లు చూపించే ప్రోగ్రాంతో సహా సిస్టమ్ పనిముట్లు చాలా దానిమీదే నడుస్తాయి. ఒక ప్యాకేజీకి రెండు వెర్షన్లుంటే పైథాన్ వెతికే దారిలో ముందు దొరికిందే లోడవుతుంది. మన ప్రాజెక్టు కోసం వేసిన కొత్త వెర్షనే ఆ పనిముట్లకూ దొరికితే, పాతదాన్ని నమ్ముకున్నవి ఆగిపోవచ్చు.

ఈ చిక్కుకు విరుగుడుగా ఇయాన్ బికింగ్ 2007లో, ప్రాజెక్టుకొక వేరే పైథాన్ ఫోల్డర్ చేసిపెట్టే వర్చువల్‌ఎన్వ్ రాశాడు. అందులో ఉన్నది ఒక రకమైన టోకరా. పైథాన్ మొదలవగానే తానున్న ఫోల్డర్ నుంచి పైకి వెతుక్కుంటూ పోయి, ఓఎస్.పీవై అనే ఫైలు కనిపించిన చోటే తన లైబ్రరీ ఉందనుకుంటుంది. బికింగ్ పైథాన్‌ను కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసి, అది వెతికే చోట ఆ ఫైలు పెట్టించాడు. పని జరిగింది కానీ పైథాన్ లోపలి తీరు మారినప్పుడల్లా తిప్పలే. కార్ల్ మేయర్ 2011లో చేసిన ప్రతిపాదనతో ఆ బాధ తప్పింది. 2012లో వచ్చిన పైథాన్ 3.3లో ఈ పని వెన్వ్ పేరుతో పైథాన్‌లోనే భాగమైంది. ఇప్పుడు పైవెన్వ్.సీఎఫ్‌జీ అనే నాలుగైదు వరుసల ఫైలు చాలు. దాన్ని చూడగానే పైథాన్ ప్యాకేజీలను ఆ ఫోల్డర్‌లోనే వెతుకుతుంది, అసలు లైబ్రరీని మాత్రం పాత చోటునుంచే వాడుకుంటుంది. అందరూ మంత్రంలా కొట్టే 'యాక్టివేట్' ముఖ్యంగా చేసేది, కమాండ్లు వెతికే దారిలో ఈ ఫోల్డర్‌ను ముందు నిలబెట్టడమే. అది లేకుండా లోపలి పైథాన్‌ను నేరుగా పిలిచినా పని అవుతుంది.

ప్రాజెక్టుకొక ఫోల్డరంటే డిస్కు దండగ కదా అంటారు. లినక్స్‌లో పైథాన్‌కు మామూలుగా లింకే పడుతుంది. పెరిగేది ప్యాకేజీల బరువే. పెద్ద మెషిన్ లెర్నింగ్ లైబ్రరీల విషయంలో ఆ ఫిర్యాదు నిజమే, కానీ పాడైన సిస్టమ్‌ను బాగుచేసుకోవడం కన్నా అది చవక. కంటైనర్లు నడిపే డాకర్ ఉండగా ఇదెందుకన్న ప్రశ్న ఇంకాస్త గట్టిది. అయితే డెబియన్ కంటైనర్లో ఆప్ట్‌తో పైథాన్ వేసుకుంటే అది మళ్లీ సిస్టమ్ పైథానే. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అక్కడా అదే ఎర్రర్. సీ లైబ్రరీలు, జీపీయూ డ్రైవర్ల జోలికి వెన్వ్ పోదు. వాటికి మాత్రం కంటైనరో మరొకటో కావాల్సిందే. వెన్వ్ ఫోల్డర్ పేరు మార్చినా అందులోని పిప్ మొరాయిస్తుంది, దాని స్క్రిప్టు మొదటి వరుసలో పాత చిరునామా పూర్తిగా రాసి ఉంటుంది కాబట్టి. దాన్ని రిపేరు చేస్తూ కూర్చోనక్కర్లేదు, ప్యాకేజీల జాబితా రాసిన రిక్వైర్‌మెంట్స్ ఫైలుంటే ఫోల్డర్ తీసేసి మళ్లీ చేసుకోవడమే.