సైలెన్సరు బోల్టు విరిగిందా? తొందరపడి హెడ్డు పాడుచేసుకోకండి

ఉభాల వేళ ఆయిల్ ఇంజను మొరాయిస్తే రైతు పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. నారు ముదిరిపోతుంది, కూలీలు వేరే మడికి వెళ్లిపోతారు. ఆ తొందరలో ఇంజను విప్పబోతే సైలెన్సరు బోల్టు పటుక్కున విరుగుతుంది. చూస్తే చిన్న బోల్టే. కానీ దాన్ని తీసే పద్ధతి తెలియక ఉలితో కొట్టి, అడ్డంగా డ్రిల్లు పెట్టి హెడ్డునే పోగొట్టుకున్న రైతులు ఉన్నారు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కాలువల శివారు భూములకు, గెడ్డల పక్క మడులకు, నేలబావుల కింద కూరగాయలకు ఇప్పటికీ ఆయిల్ ఇంజను అక్కరకొస్తోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటాక ఉద్దానం పల్లెలు రోజుల తరబడి కరెంటు లేక అల్లాడాయి. అటువంటప్పుడు పాకలో మూలనున్న ఇంజనే దిక్కు. ఏడాదిలో నెలో రెండు నెలలో తిరిగి, మిగతా కాలం పడి ఉండే యంత్రానికి తుప్పే మొదటి శత్రువు.

బోల్టు ఎందుకు పట్టేస్తుంది?

ఇనుము తుప్పు పడితే మునుపటికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బోల్టు మరల సందుల్లో ఆ తుప్పు చేరి మేకులా బిగదీస్తుంది. సైలెన్సరు దగ్గర ఇంకో బాధ ఉంది. ఇంజను నడిచినప్పుడు బోల్టు బాగా కాలుతుంది, ఆగాక చల్లారుతుంది. ఇలా కాలి చల్లారి, కాలి చల్లారి బోల్టు బలం తగ్గిపోతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు గాలి దీనికి తోడవుతుంది. కనుక సైలెన్సరు బోల్టును మామూలు బోల్టులా చూడరాదు.

విరగకముందే జాగ్రత్త

విప్పాలనుకున్న ముందురోజు సాయంత్రమే వైరు బ్రష్షుతో తుప్పు గోకండి. మరల మొదట్లో డీజిలు, పలచని ఆయిలు కలిపి చుక్కలు చుక్కలుగా వేయండి. బజారులో దొరికే తుప్పు వదిలించే స్ప్రే అయితే ఇంకా మంచిది. రాత్రంతా నాననివ్వాలి. మధ్యలో రెండు మూడుసార్లు మళ్లీ వేయాలి. సుత్తితో బోల్టు తలపై నిటారుగా నాలుగు దెబ్బలు తట్టితే తుప్పు పగిలి ఆయిలు లోపలికి దిగుతుంది.

తెల్లారాక సరిగ్గా పట్టే రింగు పానా వేయండి. ముందు ఒక వెంట్రుకవాసి బిగించి, తరువాత వదులు చేయండి. కదిలిందంటే ఒక్కసారిగా తిప్పేయవద్దు. పావు చుట్టు వెనక్కి, కాస్త ముందుకు, మళ్లీ ఆయిలు, మళ్లీ వెనక్కి. పానాకు పైపు తొడిగి లాగడం చాలామందికి అలవాటు. విరిగే బోల్టుల్లో చాలా వరకు ఆ పైపు వల్లే విరుగుతాయి.

అప్పటికీ కదలకపోతే వేడి పెట్టించాలి. గ్యాసు వెల్డింగు మంటతో బోల్టు చుట్టూ ఉన్న పోతను సమంగా వేడి చేస్తే రంధ్రం కాస్త వ్యాకోచించి పట్టు వదులుతుంది. చల్లారే ముందు మరల మొదట్లో కొవ్వొత్తి మైనం తాకిస్తే కరిగి సందుల్లోకి దిగుతుంది. వేడి పోత ఇనుముపై నీళ్లు పోయరాదు. పగులుతుంది. మంట పెట్టే ముందు డీజిలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టాలి. అంతకుముందు వేసిన డీజిలు, స్ప్రే శుభ్రంగా తుడవాలి. ఈ జాగ్రత్త మరిస్తే బోల్టు సంగతి తరువాత, ఒళ్లు కాలుతుంది.

కాస్త బయటికి మిగిలితే

విరిగిన ముక్క అర అంగుళమైనా బయటికి ఉంటే అదృష్టమే. దాని మీద రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి గట్టిగా బిగించి, లోపలి నట్టును పానాతో వెనక్కి తిప్పితే ముక్క వస్తుంది. మరలు చెడిపోతే లాకు పడే గ్రిప్పు ప్లయరు వాడాలి.

కొంచెమే మిగిలితే వెల్డింగు షాపులో నట్టు అతికించడం మేలైన పద్ధతి. ముక్క మీద నట్టు ఉంచి, నట్టు నడిమి కన్నంలో వెల్డింగు నింపుతారు. ఆ వేడికే తుప్పు పట్టు సగం వదులుతుంది. ఎర్రదనం పోయాక మెల్లగా అటూ ఇటూ కదుపుతూ తీయాలి. మొదటిసారి నట్టు ఊడిపోయినా నిరాశపడవద్దు. రెండోసారి, మూడోసారి అతికిస్తే వచ్చేవి చాలా ఉంటాయి. జింకు పూత ఉన్న తెల్ల నట్టు వాడరాదు. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. ట్రాక్టరైతే బ్యాటరీ వైర్లు విప్పాకే వెల్డింగు చేయించాలి.

సమంగా గాని, లోపలికి గాని విరిగితే

ఇక్కడే ఓపిక కావాలి. ముందు ఆకురాయితో విరిగిన చోటు చదును చేయాలి. సరిగ్గా నడిమధ్య సెంటరు పంచితో గుంట కొట్టాలి. ఈ గుంట పక్కకు పోతే ఆ తరువాత చేసే పనంతా పక్కకే పోతుంది. 13 నంబరు పానా పట్టే బోల్టు సాధారణంగా 8 మిల్లీమీటర్లది. దానికి మొదట 3 మిల్లీమీటర్ల బిట్టుతో, నెమ్మదైన వేగంతో, ఆయిలు వేస్తూ కన్నం వేయాలి. డ్రిల్లు నిటారుగా ఉందో లేదో పక్కన మరొకరు చూస్తూ ఉండాలి. రంధ్రం ఎంత లోతో తెలుసుకుని బిట్టుకు గుర్తు పెట్టుకోండి. నీళ్లతో చల్లబడే ఇంజనైతే హద్దు దాటిన కన్నం నీటి గదిలోకి దిగవచ్చు.

ఎడమవాటు బిట్టు దొరికితే అది వాడండి. అది బోల్టు విప్పే దిక్కుగానే తిరుగుతుంది కనుక కన్నం వేస్తుండగానే ముక్క ఊడి వచ్చే వీలుంది. రాకపోతే వెనక్కి మరలు ఉన్న ఎక్స్‌ట్రాక్టరు దిగ్గొట్టి తిప్పుతారు. కానీ ఒక హెచ్చరిక. ఎక్స్‌ట్రాక్టరు చాలా గట్టి ఉక్కు, పెళుసు కూడా. పెనుగులాడితే అదే విరుగుతుంది. అది లోపల విరిగితే మామూలు బిట్టు దానిపై పనిచేయదు. గట్టిగా పట్టు తగిలిందంటే ఆపి, మళ్లీ వేడి పెట్టించండి.

చేతి డ్రిల్లుతో నమ్మకం లేకపోతే హెడ్డు విప్పించి లేతు షాపుకు తీసుకెళ్లి నిలువు డ్రిల్లింగు మిషను మీద తీయించడం ఉత్తమం. అప్పుడు కొత్త హెడ్డు గాస్కెట్టు వేయాలి. హెడ్డు నట్లను ఎదురెదురుగా, విడతలుగా, ఇంజను పుస్తకంలో చెప్పిన బిగింపుకే బిగించాలి. హెడ్డు విప్పకుండా పని చేస్తే ఇనుప రజను లోపలికి పడకుండా పొగ దారిలో గ్రీజు పూసిన గుడ్డ కుక్కాలి. పని అయ్యాక ఆ గుడ్డ తీయడం మరవరాదు.

మరలు చెడిపోతే

అంతమాత్రాన హెడ్డు పనికిరాదనుకోవద్దు. కన్నం పెద్దది చేసి 10 మిల్లీమీటర్ల బోల్టుకు కొత్త మరలు కోయవచ్చు. చుట్టూ తగినంత పోత మందం ఉంటేనే ఇది చేయాలి. లేదంటే ఉక్కు తీగ చుట్ట ఎక్కించి పాత కొలతకే మరలు నిలబెట్టే పద్ధతి ఉంది. లేతు పనివాళ్లు దీన్ని హెలికాయిల్ అంటారు. కొత్త హెడ్డు కొనే ముందు ఈ రెండూ అడిగి చూడండి.

మళ్లీ ఇలా జరగకుండా

పాత బోల్టే తిరిగి వేయకండి. తల మీద 8.8 అని అచ్చు ఉన్న కొత్త బోల్టు వేయండి. మరలకు వేడికి తట్టుకునే గ్రాఫైటు గ్రీజు గాని, రాగి పొడి కలిసిన గ్రీజు గాని పూయండి. మామూలు గ్రీజు సైలెన్సరు వేడికి మాడిపోతుంది. బోల్టులు రెండూ సమంగా బిగించాలి. ఒకటి వదులుంటే గాస్కెట్టు పొగ కక్కి మళ్లీ విప్పే పని పడుతుంది.

సీజను అయ్యాక ఇంజను తడి తుడిచి, సైలెన్సరు మూతికి డబ్బా బోర్లించి, నేలకు తగలకుండా చెక్కల మీద ఉంచాలి. ప్లాస్టిక్ పట్టా బిగించి చుడితే చెమ్మ లోపలే నిలిచి తుప్పు పెరుగుతుంది. గాలి ఆడేలా కప్పాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఈ పనులు ఎండాకాలంలోనే చేయించుకోవడం. మే నెలలో షాపు ఖాళీగా ఉంటుంది, మెకానిక్కు తీరిగ్గా చూస్తాడు. బోల్టు నానడానికి ఒక రాత్రి, వేడి పెట్టడానికి ఒక పూట ఇవ్వడానికి మనకూ వీలుంటుంది. ఉభాల్లో ఆ రాత్రీ ఉండదు, ఆ పూటా ఉండదు.